9 ఎంఎం కార్బైన్ కొనేముందు మ్యాగజీన్ చూడండి, తర్వాతే తుపాకీ

ప్రశ్న: గ్రీన్ కార్డు వచ్చింది. డాలస్ దగ్గర ఉంటాం. ఇంట్లో గ్లాక్ 19 పిస్టల్ ఉంది. వారాంతాల్లో రేంజ్‌కి వెళ్లి సరదాగా కాల్చుకోవడానికి అవే 9 ఎంఎం తూటాలు వాడే కార్బైన్ (పొట్టి రైఫిల్) ఒకటి కొందామనుకుంటున్నాం. మా ఆవిడ కూడా కాలుస్తుంది. రూగర్, కెల్-టెక్, సీజెడ్ స్కార్పియన్లలో ఏది నయం? రేపు ఇండియా వెళ్లిపోతే వెంట తీసుకెళ్లొచ్చా?

జవాబు:

గ్లాక్ ఉందన్నారు కాబట్టి సగం పని అయిపోయింది. గ్లాక్ మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) పట్టే కార్బైన్ తీసుకోండి. తూటా ఒకటే అయితే చాలనుకుంటారు గానీ అసలు లాభం మ్యాగజీన్ కలవడంలోనే ఉంది. కార్బైన్‌తో కూర్చుంటే పదిహేను రౌండ్లు (తూటాలు) చిటికెలో అయిపోతాయి. చేతిలో నాలుగైదు మ్యాగజీన్లు లేకపోతే లేన్ అద్దె కట్టి కాల్చేదానికన్నా బొటనవేలు నొప్పెట్టేలా రౌండ్లు నింపుకునేదే ఎక్కువ. స్కార్పియన్‌కి దాని సొంత మ్యాగజీన్లే కావాలి. మీ పిస్టల్‌వి అందులో పట్టవు. గ్లాక్ మ్యాగజీన్ పట్టే కార్బైన్ అయితే మీ 15 రౌండ్లవీ సరిపోతాయి, 17 రౌండ్లవీ సరిపోతాయి, 33 రౌండ్ల పొడుగు మ్యాగజీనూ సరిపోతుంది. టెక్సస్‌లో దీనికి పరిమితి లేదు. కాలిఫోర్నియాకో న్యూజెర్సీకో మకాం మార్చే ఆలోచన ఉంటే మాత్రం అక్కడ పది రౌండ్లు దాటకూడదు. తుపాకీ ఆకారం మీద కూడా ఆంక్షలున్నాయి కాబట్టి ఆ రాష్ట్రాలకని విడిగా చేసిన మోడళ్లే చూసుకోవాలి.

అసలు పిస్టల్ తూటాని పొడుగు తుపాకీలో పెట్టడం ఎందుకని మా ఆఫీసులో ఒకాయన ఎప్పుడూ ఎగతాళి చేస్తుంటాడు. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1873లో వించెస్టర్ .44-40 తూటాతో లీవర్ రైఫిల్ తెచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే కోల్ట్ తన రివాల్వర్‌ని అదే తూటాకి చేసి అమ్మింది. నడుముకున్న పట్టీలో ఒకే రకం తూటాలు పెట్టుకుంటే రెండింటికీ పనికొచ్చేవి. ఇప్పుడు మన అవసరం వేరు. ఊళ్లో ఉన్న ఇండోర్ రేంజ్‌లు చాలావరకు పాతిక గజాలే ఉంటాయి. కొన్నిచోట్ల .223 లాంటి రైఫిల్ తూటాలు అసలు ఒప్పుకోరు, ఒప్పుకున్నా పక్క లేన్‌లో ఏఆర్-15 రైఫిల్ పేలితే ఛాతీలో అదురుతుంది. 9 ఎంఎం కార్బైన్‌కి ఆ గోల లేదు. తూటా ధర రైఫిల్ తూటాలో సుమారు సగం. ఇనుప పలకల మీద కాల్చాలన్నా పిస్టల్ తూటాకి పది గజాల దూరం చాలు, రైఫిల్ తూటాకైతే వంద గజాలు ఉండాలంటారు.

బ్యారెల్ పొడుగు కదా, తూటా రైఫిల్ అంత వేగంగా వెళ్తుందనుకోకండి. 115 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) మామూలు తూటా పిస్టల్‌లో సెకనుకు 1150 అడుగుల చిల్లర వేగంతో వెళ్తే, 16 అంగుళాల బ్యారెల్‌లో ఇంకో 100 నుంచి 200 అడుగులు పెరుగుతుంది, అంతే. .223 తూటా 3000 పైచిలుకు. మనకి దక్కేది వేగం కాదు, నిలకడ. భుజానికి ఆన్చి, చెంప పెట్టి, రెండు చేతులతో పట్టుకుంటే పిస్టల్‌తో పళ్లెమంత వెడల్పున చెదిరిన గుండ్లు ఒక్కచోటికి వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ల మొహం వెలిగేది అక్కడే.

ఇక తన్నుడు సంగతి. దీని గురించి షాపులో ఎవరూ చెప్పరు. 9 ఎంఎం చిన్న తూటా, రైఫిల్ బరువు ఎక్కువ, కాబట్టి భుజానికి తెలియనే తెలియదనుకుని వెళ్తాం. తీరా కాలిస్తే కొన్ని కార్బైన్లు ఏఆర్-15 కన్నా గట్టిగా కుదుపుతాయి. కారణం లోపలి యంత్రంలో ఉంది. మీ గ్లాక్‌లో తూటా పేలేటప్పుడు బ్యారెల్, స్లైడ్ ఒకదానికొకటి లాక్ అయి ఉండి, కాస్త వెనక్కి జరిగాక విడిపోతాయి. చవకరకం కార్బైన్లలో ఆ లాక్ ఉండదు. బోల్ట్ (తూటా వెనక మూసి ఉంచే ఇనుపముక్క) బరువు, దాని వెనకున్న స్ప్రింగ్, ఈ రెండే ఒత్తిడిని ఆపాలి. దీన్ని బ్లోబ్యాక్ అంటారు. ఆపాలంటే బోల్ట్ బరువుగా ఉండాలి, బరువైన బోల్ట్ ప్రతి తూటాకీ వెనక్కి వచ్చి డబ్బున కొట్టుకోవాలి, మళ్లీ ముందుకెళ్లి ఇంకోసారి కొట్టుకోవాలి. మన భుజానికి తగిలేది తూటా తన్నుడు కన్నా ఈ ఇనుపముక్క రాకపోకలే ఎక్కువ. రెడ్ డాట్ (ఎర్రచుక్క చూపే గురి అద్దం) లోంచి చూస్తూ కాల్చండి, చుక్క పైకి లేవడంతో ఆగదు, వెనక్కీ ముందుకీ రెండుసార్లు ఊగుతుంది.

దీనికి విరుగుడు ఉన్న తుపాకులున్నాయి. సిగ్ ఎంపీఎక్స్ గ్యాస్ పిస్టన్‌తో, తిరిగి లాక్ అయ్యే బోల్ట్‌తో పనిచేస్తుంది. హెచ్‌కే వాళ్ల ఎంపీ5 కుటుంబంలో రోలర్లు బోల్ట్‌ని కాసేపు పట్టి ఉంచుతాయి. సీఎంఎంజీ కంపెనీ బోల్ట్ తెరుచుకోవడాన్ని కాస్త ఆలస్యం చేసే రేడియల్ డిలేడ్ పద్ధతి పెట్టింది. వీటిని కాలిస్తే వెన్నలా ఉంటాయి, కాదనను. ధర వినండి మరి: ఎంపీఎక్స్ రెండు వేల డాలర్లు దాటుతుంది. నెలకోసారి రేంజ్‌కి వెళ్లే సరదాకి అంత పెట్టడం నా దృష్టిలో దండగ. ఆ తేడా డబ్బుకి వేలకొద్దీ తూటాలొస్తాయి. మీరు యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో వేగంగా, గురిగా కాల్చే పోటీల సంస్థ) పోటీలకి వెళ్తానంటే అది వేరే లెక్క. అక్కడ 2016 నుంచి కార్బైన్లకి విడి డివిజన్ ఉంది, సెకన్లో పదో వంతుకి కూడా విలువుంటుంది.

మీరడిగిన మూడింటికి వద్దాం.

కెల్-టెక్ సబ్2000 రెండు కిలోల లోపే ఉంటుంది, మధ్యకి మడిస్తే టెన్నిస్ బ్యాగులో పట్టేస్తుంది, ధర కూడా తక్కువ. గ్లాక్ మ్యాగజీన్ పట్టే రకం అడిగి తీసుకోవచ్చు. మడత తుపాకీ అనగానే అందరికీ సరదా పుడుతుంది. అయితే అంత తేలిక తుపాకీలో బ్లోబ్యాక్ బోల్ట్ అంటే కుదుపు తప్పదు. పైగా చెంప ఆనేది స్టాక్ (భుజానికి ఆన్చే భాగం) గొట్టానికే, ఆ గొట్టంలోనే బోల్ట్ తిరుగుతుంటుంది. యాభై రౌండ్లయ్యాక చెంప ఎముక దగ్గర సలుపు మొదలవుతుంది. పాత మోడళ్లలో రెడ్ డాట్ పెడితే మడవడానికి అడ్డొస్తుంది. మూడో తరంలో ముందుభాగం పక్కకి తిరిగేలా చేసి ఆ ఇబ్బంది తీర్చారు. కారు డిక్కీలో పెట్టుకుని ఎప్పుడో ఒకసారి వాడేవాళ్లకి బాగుంటుంది. ఇద్దరు కలిసి మధ్యాహ్నమంతా కాల్చుకునే తుపాకీ మాత్రం ఇది కాదు.

స్కార్పియన్ చూడ్డానికి అదిరిపోతుంది. మా స్నేహితుల్లో దాన్ని కొన్న ప్రతివాడూ ముందు ఫోటో పెట్టాడు, తర్వాత ట్రిగ్గర్ మార్చాడు. ట్రిగ్గర్ బరువు. ఎవో 3లో కుడిపక్క సేఫ్టీ మీట చూపుడువేలి మెటికకి రాసుకుంటుంది, కాస్త పెద్ద చేతులుంటే చర్మం కూడా లేస్తుంది. కొత్తగా వచ్చిన 3 ప్లస్‌లో ఈ సేఫ్టీ మీట ఇబ్బంది సరిచేశారు. నమ్మకంగా పేలుతుంది, జామ్ అవడం అరుదు. మీకు గ్లాక్ లేకపోయి ఉంటే ఇది గట్టి పోటీయే.

నేనైతే రూగర్ పీసీ కార్బైన్ తీసుకోమంటాను. మా ఇంట్లో ఉన్నదీ అదే. 2017 చివర్లో వచ్చింది, ధర ఆరేడు వందల డాలర్ల దగ్గర ఆడుతుంటుంది. పెట్టెలోనే గ్లాక్ మ్యాగజీన్ పట్టే గూడు విడిగా ఇస్తారు, స్టాక్ విప్పి రూగర్ గూడు తీసి ఇది పెట్టుకోవాలి. ఇదీ బ్లోబ్యాకే, కానీ బోల్ట్ లోపల అటూ ఇటూ జరిగే టంగ్‌స్టన్ బరువు ఒకటి పెట్టారు. బోల్ట్ వెనక్కి వచ్చి కొట్టుకునే దెబ్బ దానితో మెత్తబడుతుంది. మూడు కిలోల బరువు కూడా సాయం చేస్తుంది. బోల్ట్ వెనక్కి లాగి లాక్ చేసి, కింద మీట నొక్కి, ముందుభాగం తిప్పితే రెండు ముక్కలై మామూలు బ్యాగులో పడుతుంది. ఎడమచేతివాటం వాళ్లకి మ్యాగజీన్ మీట, బోల్ట్ పిడి రెండూ పక్క మార్చుకోవచ్చు.

మీ ఆవిడ కోసం చూడాల్సింది స్టాక్ పొడవు. మామూలు రైఫిళ్లన్నీ ఆరడుగుల మనిషి కొలతతో చేసినట్టుంటాయి. పొట్టి చేతులవాళ్లు పట్టుకుంటే ముందుభాగం అందక నడుం వెనక్కి వంచేస్తారు, అలా వంగి కాలిస్తే ప్రతి తూటాకీ వెనక్కి తూలుతారు. పీసీ కార్బైన్ స్టాక్ వెనక అరంగుళం మందాన మూడు స్పేసర్లుంటాయి. వాటిని విప్పేస్తే పొడవు 14 అంగుళాల చిల్లర నుంచి 12న్నర దాకా తగ్గుతుంది. షాపులోనే ఆమెతో పట్టించి చూడండి. మోచేయి కాస్త వంగి, ముక్కు స్టాక్‌కి మరీ దగ్గరకి రాకుండా ఉంటే సరిపోయినట్టు. ఆమె ఇంతవరకూ రైఫిల్ ముట్టుకోలేదంటే మాత్రం ముందు చిన్న .22 తూటా కాల్చే రూగర్ 10/22 అద్దెకి తీసుకుని కాల్పించండి. చప్పుడుకి ఉలిక్కిపడే అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించడం కష్టం.

రెడ్ డాట్ పెడతారు కదా, ఒక సంగతి. డాట్ బ్యారెల్ కన్నా అంగుళంన్నరో రెండో ఎత్తులో ఉంటుంది. పాతిక గజాలకి సరిచేసి, టార్గెట్‌ని ఏడు గజాలకి తెచ్చి కాలిస్తే గుండు చుక్క పెట్టిన చోటుకి అంగుళం పైనే కిందకి తగులుతుంది. డాట్ చెడిపోయిందని స్క్రూలు తిప్పొద్దు, అది అలాగే ఉంటుంది. పాతికకి పెడితే యాభైకీ ఇంచుమించు అదే, వందకి కొన్ని అంగుళాలు దిగుతుంది.

పిస్టల్‌తో వాడే లావుపాటి ఇయర్ మఫ్‌లు ఇక్కడ పనికిరావు. చెంప స్టాక్‌కి ఆనగానే మఫ్ అంచు లేచి చప్పుడు లోపలికి దూరుతుంది. పలచటి ఎలక్ట్రానిక్ మఫ్‌లు, లోపల ఫోమ్ ప్లగ్గులు, రెండూ పెట్టుకోండి. ఖాళీ కేసులు కుడివైపుకి వేడిగా ఎగురుతాయి, మెడ దిగిన చొక్కాలు వద్దు. తూటాలు బయట కొనుక్కెళ్తే కౌంటర్లో అయస్కాంతం పెట్టి చూస్తారు, ఇనుము అంటుకుంటే చాలా రేంజ్‌లు వెనక్కి పంపేస్తాయి. ఇత్తడి కేసు మామూలు 115 గ్రెయిన్లు తీసుకెళ్తే గొడవ లేదు. ఇంటికొచ్చాక చన్నీళ్లతో సబ్బు పెట్టి చేతులు కడిగి, బట్టలు మార్చుకునే పిల్లల్ని ఎత్తుకోండి. ఇండోర్ రేంజ్ గాలిలో సీసం ఉంటుంది.

కాగితాల పని. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి కొనడానికి అడ్డు లేదు. తుపాకీ కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫారంలో గ్రీన్ కార్డు మీదున్న ఏలియన్ నంబర్ రాయాలి. డ్రైవింగ్ లైసెన్స్ మీద పాత అడ్రస్ ఉంటే అక్కడే ఆగిపోతుంది, ముందే మార్పించుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ‘డిలే’ అని వస్తుంది. కంగారేం లేదు, మన పేర్లకి ఇది మామూలే.

అసలు జాగ్రత్త మీ స్నేహితుల విషయంలో. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే రాష్ట్ర హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. రేంజ్‌లో ఒక్క రౌండ్ కాల్చడానికి చేతికిచ్చినా ఇదే వర్తిస్తుంది. వేసవిలో మీ నాన్నగారో మామగారో విజిటర్ వీసా మీద వచ్చి ‘ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు బాబూ’ అంటారు. మొహమాటపడి ఇవ్వకండి. ఆయనకీ చిక్కు, ఇచ్చినందుకు మీకూ చిక్కు. ఇంట్లో పిల్లలుంటే సేఫ్ కూడా అదే రోజు కొనండి. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అదీ కేసే.

ఇండియాకి తీసుకెళ్లడం కుదరదు. 9 ఎంఎం అక్కడ నిషిద్ధ బోర్ (పౌరులకి అనుమతి లేని తూటా కొలత), మామూలు పౌరులకి లైసెన్స్ రాదు. వెళ్లేముందు లైసెన్సున్న డీలర్‌కి అమ్మేసి రసీదు దాచుకోండి. ఇంకో మాట, రేంజ్‌కి వాడే బ్యాగుని ప్రయాణానికి వాడొద్దు. జేబు మడతలో మర్చిపోయిన ఒక్క రౌండ్ శంషాబాద్ స్కానర్లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, మీరెక్కాల్సిన విమానం వెళ్లిపోతుంది. మేం రేంజ్ బ్యాగు జిప్పుకి ఎర్ర రిబ్బన్ కట్టి, గ్యారేజీలో సేఫ్ పక్కనే పెడతాం, ఇంట్లోకి తేం.