‘రక్షింపబడ్డాను’ అనవచ్చా?

సందేహం: మా నాన్నగారి సాక్ష్యాన్ని, అంటే ఆయన క్రీస్తు విశ్వాసంలోకి వచ్చిన అనుభవాన్ని, మా చర్చి సంఘం పత్రికకు రాసి ఇస్తున్నాను. ఆయన ‘నేను రక్షింపబడ్డాను’ అంటారు. అది తెలుగు నుడికారం కాదు, ‘మోక్షం పొందాను’ అని దిద్దమంటున్నాడు మా తమ్ముడు. ఏది సరి?

సమాధానం: ‘మోక్షం’ వద్దండి. దాని మూలం ‘విడుచు’ అనే అర్థమున్న ముచ్ ధాతువు. వినగానే మనకు జననమరణ చక్రం నుంచి విడుదల స్ఫురిస్తుంది. రక్షణ అనేసరికి ఎవరు రక్షించారు, దేని నుంచి అని అడగాలనిపిస్తుంది. మీ నాన్నగారు చెప్పదలచుకున్నది సరిగ్గా అదే: క్రీస్తు, పాపం నుంచి.

ఇక ‘బడు’ సంగతి. మీ తమ్ముడి చెవి మంచిదే. ‘కొట్టబడ్డాడు’ అనం, ‘దెబ్బలు తిన్నాడు’ అంటాం. ‘మోసగించబడ్డాను’ కన్నా ‘మోసపోయాను’ హాయిగా ఉంటుంది. అయినా ఇక్కడ దాన్ని కొట్టేయడానికి నాకు మనసొప్పదు. ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు; ఇది మీవలన కలిగినది కాదు’ అని బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక, అంటే లేఖ, చెబుతుంది. రక్షించేది దేవుడు, మనిషి చేయి చాచి పుచ్చుకునేవాడు. అదంతా ఆ రెండక్షరాల్లో ఉంది.

చివరి ‘యున్నారు’ కూడా చూడండి. జరిగిపోయిన పని ఫలితం ఇంకా నిలిచి ఉందని చెప్పే క్రియారూపం గ్రీకులో ఉంది. దాన్ని తెలుగు అనువాదం ఎంత చక్కగా పట్టుకుందో! కొరింథీయులకు రాసేటప్పుడు తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు మాట ‘రక్షింపబడుచున్న మనకు’, రోమీయులకు ‘రక్షింపబడుదుము’. మూడు కాలాల్లోనూ నడిచే క్రియ ఇది. అందుకే ఫలానా ఏడాది రక్షణ పొందానని తేదీ చెప్పడంతో సాక్ష్యం పూర్తికాదు.

బైబిల్లోని సుంకం వసూలుదారు జక్కయ్యను తలచుకోండి. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని అతడు అన్నాక, ‘నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది’ అన్నారు యేసు. డబ్బిచ్చి దాన్ని కొనుక్కున్నాడని కాదు. వచ్చిన రక్షణ ముందుగా అతని జమాఖర్చుల్లో కనబడింది.

మీ నాన్నగారు ‘మారుమనస్సు’ అంటే దాన్నీ ‘పశ్చాత్తాపం’గా మార్చకండి. గ్రీకు ‘మెటనోయా’లోనూ ఉన్నది మనసు మారడమే, పశ్చాత్తాపంలో తాపం మాత్రమే వినబడుతుంది.

మొదటిసారి ‘రక్షింపబడ్డాను’ అని నాన్నగారి మాటే ఉంచండి. తర్వాత ‘రక్షణ పొందాను’ అంటే చదవడానికి బాగుంటుంది. ఆ మీదట ఆయన ఎవరి బాకీ తీర్చారో, ఎవరితో మళ్లీ మాట కలిపారో అడిగి, అదీ రాయండి.