సీజీపీఏ 6.9 వచ్చింది, స్కాలర్‌షిప్ పోయినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేస్తాను. ఏడాదికి రెండు లక్షల పైచిలుకు వస్తుంది. మా అబ్బాయికి ఇంటర్‌లో 968 మార్కులు వచ్చాయి. వాడి ఈఏపీసెట్ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో వేరే కాలేజీలో సీఎస్ఈ వచ్చేది. కానీ ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు సగం ఫీజు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు, ఏఐ బ్రాంచి కూడా ఉందని అక్కడ చేర్పించాం. ట్యూషన్ ఫీజు 3 లక్షలు, అందులో మేం కట్టేది లక్షన్నర. చీటీ పాడి కట్టాం. ఇప్పుడు మొదటి ఏడాది సీజీపీఏ పదికి 6.9 వచ్చింది, మ్యాథ్స్ ఉండిపోయింది. 7.5 లేదు కాబట్టి స్కాలర్‌షిప్ ఆపేస్తున్నామని మెయిల్ పంపారు. అక్టోబరులో డెంగ్యూ వచ్చి 12 రోజులు ఇంటి దగ్గరే ఉన్నాడు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది అబ్బాయిని అమెరికా పంపేయమంటున్నాడు, అక్కడ యూనివర్సిటీలే సాయం చేస్తాయంటున్నాడు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఆమెకు ఫీజు రీయింబర్స్‌మెంట్ సీటు మంచిదా, ఇలాంటి స్కాలర్‌షిప్ మంచిదా? 968 వచ్చినవాడు ఇలా ఎలా అయ్యాడో అర్థం కావడం లేదు. చుట్టాల్లో తలెత్తుకోలేకపోతున్నాం.

జవాబు: మీ మెయిల్ నిండా ఫీజు గురించే ఉంది. తలెత్తుకోలేకపోతున్నామన్న మాట మాత్రం చివర్న ఒక్క లైను. ఏటా ఫలితాలు వచ్చే రోజుల్లో గుంటూరు, తెనాలి, విజయవాడల నుంచి ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తుంటుంది, అసలు బాధ ఎప్పుడూ చివరి లైనులోనే ఉంటుంది. డబ్బుకు దారి ఉంది, అది తర్వాత చూద్దాం. ముందు ఆ లైనుకు జవాబు చెబుతాను. మీ అబ్బాయి చెడిపోలేదు.

ఊరికే ధైర్యం చెప్పడానికి ఈ మాట అనడం లేదు. మీరు జత చేసిన మార్కుల షీటు చూసే అంటున్నాను. రెండు సెమిస్టర్లకు కలిపి 40 క్రెడిట్లు, అంటే ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే బరువు. మొదటి సెమిస్టర్లో మూడో వరుసలో మ్యాథ్స్ ఉంది. నాలుగు క్రెడిట్లు, గ్రేడు దగ్గర ఎఫ్, పాయింట్ల దగ్గర సున్నా. ఆ సున్నాను కూడా కలిపి 40తో భాగించారు, అందుకే 6.9 వచ్చింది. మ్యాథ్స్ పక్కన పెట్టి మిగిలిన 36 క్రెడిట్లు లెక్క వేయండి, 7.6 దాటుతుంది. సప్లిమెంటరీలో ఆ పేపరు కేవలం 6 పాయింట్లతో పాసయినా, నాలుగు క్రెడిట్లకు 24 పాయింట్లు కలుస్తాయి. ఇప్పుడున్న మొత్తం 276 పాయింట్లు కాస్తా 300 అవుతాయి. 300ను 40తో భాగిస్తే సరిగ్గా 7.5. మీ ఇంట్లో ఇన్ని రోజులుగా నడుస్తున్న టెన్షన్ అంతా ఒక్క పేపరుది. ఆ పేపరు కూడా డెంగ్యూ వచ్చిన సెమిస్టర్లోదే.

ఇంకొక మాట. మన పిల్లలు రెండేళ్లు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే స్టడీ అవర్‌లో కూర్చున్నవాళ్లు. ఏ రోజు ఏ చాప్టరు చదవాలో కూడా వేరేవాళ్లే చెప్పారు. అక్కడి నుంచి తీసుకొచ్చి ఒక్కసారిగా యూనివర్సిటీ హాస్టల్లో వదిలేస్తే అక్కడ గంట కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు. తనంతట తాను కూర్చుని చదవడం నేర్చుకోవడానికి చాలామందికి ఒక సెమిస్టరు పడుతుంది, కొందరికి రెండు. 968 వచ్చినవాళ్లకు ఇది మరీ కష్టం, ఎందుకంటే వాళ్లు ఇంతవరకు ఎక్కడా తప్పలేదు. తప్పినప్పుడు ఏం చేయాలో వాళ్లకు తెలియదు, ఇంట్లో చెప్పాలంటే భయం. మ్యాథ్స్ పోయిన సంగతి మీ అబ్బాయి మీకు ఎప్పుడు చెప్పాడు? మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చిన రోజునా, ఈ మెయిల్ వచ్చాకనా? మెయిల్ వచ్చాకనే అయితే ఆ ఆలస్యంలో మీ పాలు కూడా ఉంది. కోపం తెచ్చుకోకండి. చెబితే ఏమవుతుందో వాడికి తెలుసు కాబట్టే చెప్పి ఉండడు.

మీరు మార్కుల షీటు పంపారు, రద్దు మెయిల్ పంపారు. చేరినప్పుడు ఇచ్చిన స్కాలర్‌షిప్ లెటర్ మాత్రం పంపలేదు. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో ఆ కాగితం చేతిలో పట్టుకుని వచ్చేవాళ్లు చాలా తక్కువ. ‘సగం ఫీజు’ అన్న మాట చుట్టాలందరికీ చెప్పుకుంటాం, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు మాత్రం ఎవరం చదవం. పెళ్లికి ఇచ్చే అడ్వాన్సు రసీదును ఇంతకంటే శ్రద్ధగా చదువుతాం. నాలుగేళ్లలో 6 లక్షల సంగతి అది. ఇప్పుడైనా తీసి, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి చదవండి. 7.5 అన్నది ప్రతి సెమిస్టరుకు విడిగా ఉండాలా, లేక ఏడాది చివర మొత్తం మీద ఉంటే చాలా? అన్ని పేపర్లూ మొదటిసారే పాసవ్వాలని రాశారా, సప్లిమెంటరీలో పాసయినా లెక్కలోకి తీసుకుంటారా? ఒక ఏడాది ఆపేస్తే మరుసటి ఏడాది మార్కులు పెరిగితే మళ్లీ ఇస్తారా, శాశ్వతంగా పోతుందా? హాజరు శాతం ఎంత ఉండాలి? మీ ప్రశ్నకు జవాబు ఈ నాలుగింటిలోనే ఉంది, అది నా దగ్గర దొరకదు.

డెంగ్యూ గురించి మీరు అరలైనులో రాసి వదిలేశారు. నాకు మీ మెయిల్ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకునే విద్యార్థులకు ఇలాంటి నిబంధనలు చట్టంలోనే ఉన్నాయి. 4కి సాధారణంగా 2.0 జీపీఏ ఉండాలి, తీసుకున్న క్రెడిట్లలో చాలా చోట్ల 67 శాతం పూర్తి చేయాలి, 120 క్రెడిట్ల డిగ్రీని 180 క్రెడిట్లు ప్రయత్నించేలోపు ముగించాలి. ఇవి తప్పితే సాయం ఆగుతుంది. కానీ జబ్బు చేసినా, ఇంట్లో దగ్గరివాళ్లు చనిపోయినా అప్పీలు పెట్టుకోవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. అప్పీలు ఒప్పుకుంటే ప్రొబేషన్ మీద, అంటే చదువును గమనిస్తూ, సాయం కొనసాగిస్తారు. మన దగ్గర ప్రైవేటు యూనివర్సిటీ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు అలాంటి చట్టం లేదు, అది వాళ్ల సొంత నియమం. సొంత నియమం కాబట్టే సడలించే అధికారం కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. అయితే అడగాలి, కాగితాలతో అడగాలి. ఫోన్లో బతిమాలితే ఎవరికీ గుర్తుండదు.

ఇక మీ బావమరిది మాట. ఆయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. అయితే ఆయన చూసేది అక్కడి పౌరులైన పిల్లల సంగతి. నేను పైన చెప్పిన ఫెడరల్ సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లే మీ అబ్బాయికి అందులో ఒక్క డాలరు రాదు. యూనివర్సిటీలు సొంతంగా ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, నిజమే. వాటికీ ఏటేటా జీపీఏ గీత ఉంటుంది, మామూలుగా ఆ 2.0 కంటే పైనే ఉంటుంది. ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందికి తెలియదు. అక్కడి పిల్లలు ఒక సబ్జెక్టు కష్టంగా ఉంటే జీపీఏ కాపాడుకోవడానికి మధ్యలో దాన్ని వదిలేస్తారు. ఎఫ్-1 మీద ఉన్న డిగ్రీ విద్యార్థికి సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అనుమతి లేకుండా వదిలేసి అంతకంటే తగ్గితే వీసా స్టేటస్‌కే ఎసరు. ఉంచుకుంటే జీపీఏ భయం, వదిలేస్తే వీసా భయం. నూటయాభై మైళ్లు కూడా దాటని హాస్టల్లో జ్వరం వచ్చి 12 రోజులు ఇంటికి రాగలిగాడు కాబట్టి కోలుకున్నాడు. పద్దెనిమిదేళ్ల వయసులో ఇంత అప్పు నెత్తిన పెట్టుకుని అంత దూరంలో ఒక్కడే ఆ గీత మీద నడవాలా? బీటెక్ అయ్యాక, ఇరవై రెండేళ్లు వచ్చాక ఎమ్మెస్‌కు వెళ్లాలనుకుంటే అప్పుడు ఆలోచిద్దాం.

మీ ఊరి నుంచి, మా విజయవాడ నుంచి ఇప్పుడు అందరూ పరుగులు తీస్తున్న దారి గురించి నా అనుమానాలు కూడా చెప్పాలి. స్కాలర్‌షిప్ అని చెప్పి ఇచ్చేది చాలా చోట్ల నిజానికి చేరే రోజు తగ్గింపు. చేరేటప్పుడు ర్యాంకు చూసి ఇస్తారు, నిలబెట్టుకోవడానికి మాత్రం గ్రేడ్లు అడుగుతారు. ఈ రెండూ ఒకటి కాదు. పైగా కొన్ని యూనివర్సిటీల్లో రిలేటివ్ గ్రేడింగ్ ఉంటుంది, అంటే మీవాడికి వచ్చే గ్రేడు పక్కవాళ్ల మార్కుల మీద ఆధారపడుతుంది. మంచి ర్యాంకు ఉన్న పిల్లలందరినీ స్కాలర్‌షిప్ ఇచ్చి ఒకే తరగతిలో కూర్చోబెడితే, వాళ్లలో కొందరు గీత కిందికి రాక తప్పదు. తెలివిలేక కాదు, ఆ లెక్కే అలా ఉంటుంది. ఏఐ బోర్డు సంగతీ అంతే. మొదటి ఏడాది ఏఐ అయినా మామూలు సీఎస్ఈ అయినా మ్యాథ్స్, ఫిజిక్సో కెమిస్ట్రీయో, సీ ప్రోగ్రామింగ్, ఇంగ్లిష్. తేడా ఎక్కువగా మూడు, నాలుగు ఏళ్లలో వచ్చే కొన్ని పేపర్లలో. మీ అబ్బాయికి కన్వీనర్ కోటాలో సీఎస్ఈ వచ్చేదని మీరే రాశారు. మీ ఆదాయానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వచ్చేది. చీటీ పాడాల్సిన అవసరమే ఉండేది కాదు. జరిగిపోయిన దాన్ని తవ్వడం నాకూ ఇష్టం లేదు, మీ అమ్మాయి విషయంలో మళ్లీ జరగకూడదని చెబుతున్నాను.

మీరు అడిగిన పోలిక ఇక్కడికి వచ్చేసరికి చిన్నదైపోయింది. మీ అమ్మాయికి కన్వీనర్ సీటు, రీయింబర్స్‌మెంట్ వైపే నేను మొగ్గుతాను. ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలి, 75 శాతం హాజరు ఉండాలి, పై ఏడాదికి ప్రమోట్ అవ్వాలి. సీజీపీఏ గీత లేదు. ఒక పేపరు ఉండిపోయినా ఫీజు ఆగదు. అయితే హాజరు దగ్గర అశ్రద్ధ చేయకూడదు. కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీల్లో 65కీ 75కీ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి కండొనేషన్ (మినహాయింపు ఫీజు) కట్టాలి, 65 కంటే తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. దీనిలోనూ ఇబ్బంది ఉంది, దాచను. డబ్బు విడుదల ఆలస్యమైతే కాలేజీలు తల్లిదండ్రుల మీద పడతాయి. 2020లో వచ్చిన విద్యా దీవెనలో తల్లి ఖాతాలో వేసేవారు, తర్వాత మళ్లీ నేరుగా కాలేజీకే జమ చేసే పద్ధతికి వచ్చారు, కానీ ఎదురుచూపులు మాత్రం తప్పడం లేదు. ఆడపిల్లలకు కేంద్ర సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50 వేలు, ఆదాయం 8 లక్షల లోపు, ఏటా పై తరగతికి ప్రమోట్ అయితే కొనసాగుతుంది. ఇంటర్ మార్కులతో వచ్చే కేంద్ర స్కాలర్‌షిప్‌లో మొదటి మూడేళ్లు ఏటా 12 వేలు, బీటెక్ నాలుగో ఏడు 20 వేలు ఇస్తారు. దానికి ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు చాలు. కానీ రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు అది రాదు. రెంటికీ దరఖాస్తు పెట్టేముందు దేన్ని వదులుకోవాలో చూసుకోండి.

అబ్బాయిని మాత్రం ఇప్పుడు కాలేజీ మార్చకండి. మేనేజ్‌మెంట్ సీటులో చేరాడు కాబట్టి వాడికి రీయింబర్స్‌మెంట్ రాదు, మారితే ఒక ఏడాది పోతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. కొన్నేళ్ల క్రితం తెనాలి నుంచి ఒక అమ్మాయిని తండ్రి ఇలాగే రెండో ఏడాది మొదట్లో మాన్పించి, వేరే కాలేజీలో మళ్లీ మొదటి ఏడాదిలో వేశారు. ఆ పిల్ల తర్వాత బాగానే చదివింది, కానీ తన జూనియర్ల పక్కన కూర్చోవాల్సిన ఆ మొదటి నెల గురించి చెబుతూ నా ముందే ఏడ్చింది. ఆ తప్పు ఆ రోజు నేను గట్టిగా ఆపలేకపోయాను. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒకవేళ యూనివర్సిటీ ఒప్పుకోకపోయినా ఆ లక్షన్నర కోసం మళ్లీ చీటీ పాడొద్దు. బ్యాంకులో విద్యారుణం అడగండి, 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్న కుటుంబాలకు చదువు నడిచే కాలంలో కేంద్రం వడ్డీ రాయితీ కూడా ఉంది, మీ యూనివర్సిటీ, కోర్సు దాని కిందికి వస్తాయేమో మేనేజరునే అడగండి. చదువు మధ్యలో మానేస్తే ఆ రాయితీ పోతుంది, మాన్పించొద్దనడానికి అదొక కారణం.

ఈ వారంలో చేయాల్సింది ఒక్కటే. స్కాలర్‌షిప్ విభాగానికి మెయిల్ మీ అబ్బాయి చేతే రాయించండి, మీరు రాయకండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు జబ్బుతో ఉన్నాడో, ఏ మిడ్ పరీక్ష పోయిందో, మ్యాథ్స్ సప్లిమెంటరీ ఎప్పుడో, అది పాసయితే సీజీపీఏ 7.5 ఎలా అవుతుందో ఆ లెక్కతో సహా రాయమనండి. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్షల కాగితాలు జత చేయాలి. ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజు ఇచ్చిన రిపోర్టు బీరువాలో ఎక్కడుందో మీ ఆవిడకు తెలిసే ఉంటుంది. ఈ రాత్రికే తీసి పెట్టమనండి.