చేపల డీఎన్‌ఏ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది హిరమండలం దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. నీట్ లాంగ్‌టర్మ్ వద్దంటోంది. చేపల డీఎన్‌ఏ చదివి, నదిలో ఏ చోటుని ముందు కాపాడాలో తేల్చే పని చేస్తుందట. అలాంటి చదువు నిజంగా ఉందా? కూడు పెడుతుందా?

జవాబు: ఉందండి. వంశధార మీది గొట్టా బ్యారేజీ పక్కనే ఉన్న మీకు చెప్పడం సులువు. కొన్ని చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతాయి. అడ్డుకట్ట వస్తే అక్కడితో ఆగిపోతాయి. మనం పులస అని ఎగబడి కొనే చేపే గంగలోనూ ఉంది. 1975లో బెంగాల్‌లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎగువ ఊళ్ల జాలర్లకి అది పడటం బాగా తగ్గిపోయింది. ఒక నది మీద అడ్డుకట్టలు పది ఉండి, చేపలు పైకెక్కే దారి కట్టించే డబ్బు ఒక్కదానికే ఉంటే ఏది ముందు? మీ అమ్మాయి చెప్పే పని అదే.

వలలో పడ్డ చేప రెక్క చివర గోరంత ముక్క కత్తిరించి స్పిరిట్ సీసాలో వేస్తారు, చేపని మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఆ డీఎన్‌ఏ పోల్చి చూస్తే కట్టకి పైనా కిందా ఉన్న చేపలు కలుస్తున్నాయో, విడిపోయాయో తెలుస్తుంది. సాల్మన్ చేప పుట్టిన ఏటికే తిరిగొస్తుంది కాబట్టి ఏటికో వంశం. ఒకటి పోతే పక్క ఏటి చేప ఆ లోటు అంత తేలిగ్గా తీర్చదు. యూరప్ మలుగుపాములు (పాముల్లా ఉండే ఈల్ చేపలు) అలా కాదు, ఏ నదిలో పెరిగినా అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రానికే పోయి గుడ్లు పెడతాయి. అన్నీ ఒకే గుంపు కనక అక్కడ వంశాల లెక్క పనికిరాదు, ఏ కట్ట తెరిస్తే ఎక్కువ నీటి దారి దొరుకుతుందో చూడాలి. ఈ తేడా అమ్మాయికి చెప్పండి. ఎదురు ప్రశ్నలు వేసిందంటే సరదా కాదన్నమాట.

ఈ పేరుతో డిగ్రీ కోర్సు కోసం వెతక్కండి. నా ఓటు నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీకి, అంటే మత్స్యశాస్త్రం డిగ్రీకి. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కాలేజీ ఉంది. అడ్మిషన్ నోటిఫికేషన్ మాత్రం మీరే చూసుకోండి, రూల్స్ మారుతుంటాయి. తర్వాత ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో పీజీ. చేపల జన్యు పరిశోధనకి లక్నోలో జాతీయ సంస్థ ఉంది, వన్యప్రాణుల డీఎన్‌ఏ పనికి హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ల్యాబ్ ఉంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పరీక్ష కొడితే పీహెచ్‌డీకి నెలనెలా ఫెలోషిప్ వస్తుంది.

ఇక కూడు సంగతి. అచ్చంగా ఈ పని చేసే పర్మనెంట్ పోస్టులు తక్కువ. చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలు, ప్రాజెక్టు అయిపోతే జీతమూ ఆగుతుంది. నేను బీఎఫ్‌ఎస్సీ అనడం అందుకే, మత్స్యశాఖ ఉద్యోగాలకీ ఆక్వా కంపెనీలకీ కూడా అది పనికొస్తుంది. ఇంకోటి, బైపీసీ కదా లెక్కలు పోయాయనుకోవద్దు. ఈ పనిలో సగం కంప్యూటర్ ముందు స్టాటిస్టిక్సే.

ఫీజు కట్టేముందు ఒక తెల్లవారుజామున అమ్మాయిని ఏటి ఒడ్డుకి, వలలు తీసే చోటికి తీసుకెళ్లండి. నీచు వాసనకి వెనక్కి తిరుగుతుందో, బుట్టలోకి తొంగిచూస్తుందో మీకే తెలుస్తుంది.