న్యామ్వాంబా ఏటి ఒడ్డుకి పనికి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి రవికి,

మావయ్య ఆశీస్సులు. ఉగాండాలో కసేసె మున్సిపాలిటీకి డ్రైనేజీ సర్వే పని మీద వెళ్తున్నావని నిన్న అక్కయ్య ఫోన్లో చెప్పింది. ఆ ఊళ్ళో నేను మూడేళ్ళు రోడ్డు పనిలో ఉన్నాను. మ్యాపులూ, శాటిలైట్ ఫోటోలూ నువ్వు ఈపాటికే తీసుకుని ఉంటావు. వాటిని ఓ వారం పక్కన పెట్టు. ముందు ఆ ఊరి మీదుగా పారే న్యామ్వాంబా ఏటిని చూడు.

మనం రాజమండ్రి వాళ్ళం. వరదంటే మనకి గోదావరే. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్ళు మనదాకా వచ్చేలోగా సామాను మేడమీదికి చేర్చుకుంటాం, గొడ్డూ గోదా తోలుకుపోతాం. ఆ అలవాటు కళ్ళతో న్యామ్వాంబాని చూస్తే మోసపోతావు. ఊరు సముద్రమట్టానికి 950 మీటర్ల ఎత్తులో ఉంటే, పడమటన రువెంజోరి కొండలు 5,109 మీటర్ల దాకా లేచి ఉంటాయి. ఆ శిఖరం నుంచి ఊరికి తిన్నగా గీత గీస్తే నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. ఏరు పుట్టేది ఆ కొండల్లోనే. పైన వాన పడితే కింద నీకు దొరికే సమయం ఎంతో నువ్వే లెక్క వేసుకో.

నేను ఆ లెక్క వేసుకోలేదు. 2013 మొదట్లో మా స్టోరు యార్డు ఏటి పక్కన చదునైన జాగాలో పెట్టించాను. అప్పుడు ఏట్లో మోకాలి లోతు నీళ్ళు. చుట్టూ నున్నటి గుండ్రాళ్ళు, కొన్ని బియ్యం బస్తాలంత. అంతంత రాళ్ళు అక్కడికి ఎలా వచ్చాయన్న ఆలోచన నాకు రాలేదు. అక్కడ పేటని సెల్ అంటారు, దాని స్థానిక మండలిని ఎల్‌సీ వన్ అంటారు. మా సెల్‌కి ఎల్‌సీ వన్ ఛైర్మన్ ఓ పెద్దాయన. రెండుసార్లు పనిగట్టుకుని వచ్చి, "ఇది ఏటి జాగా" అని చెప్పాడు. మర్యాదగా తలూపి పంపేశాను. మే 1న ఏరు వచ్చింది. ముందు వినపడింది నీళ్ళ హోరు కాదు, రాయికి రాయి కొట్టుకునే మోత. కాళ్ళ కింద నేల అదురుతోంది. యార్డులో నిద్రపోతున్న వాచ్‌మన్‌ని ఆ పెద్దాయన కొడుకులే లేపి, గట్టు మీదికి లాక్కుపోయారు. నీళ్ళు తీశాక చూస్తే సిమెంటు లేదు, ఇనుము లేదు, ఆ జాగా అంతా కొత్త రాళ్ళు. సామాను పోతే పోయింది. నేను వినని మాటకి ఒక మనిషి ప్రాణం పోయేదే అన్నది మాత్రం ఇవాళ్టికీ నన్ను వదల్లేదు.

అందుకని డిజైన్ చేసేటప్పుడు నీళ్ళ లెక్కతో ఆగకు. ఆ ఏరు మోసేది రాళ్ళనీ, ఇసుకనీ, కూలిన చెట్లనీ. చిన్న తూములు మొదటి వరదకే పూడుకుపోతాయి. ఒక పెద్ద రాయి వంతెన కింద ఇరుక్కుంటే చాలు, ఏరు పక్కదారి పట్టి బజార్లోకి వస్తుంది. గట్టు మీద మనుషుల్ని అడిగి, 2013లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, 2020 మే నెల వరదలో ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చేత్తో చూపించమను. ఆ ఎత్తులు నువ్వే కొలుచుకో.

తర్వాత ఎగువకి, కిలెంబె లోయలోకి వెళ్ళు. బండి మీద కాదు, నడిచి. 1956లో అక్కడ రాగి గని మొదలైంది, అదే ఏడు రైలు కసేసెకి వచ్చింది. ఊరు పెరిగిందే ఆ రాగి వల్ల. 1982లో గని ఆగిపోయింది, ఆ తర్వాత కొన్నేళ్ళకి రైలు కూడా పోయింది. కార్మికుల ఇళ్ళ వరసలు ఇంకా ఉన్నాయి. వాటితో పాటు రాగి తీసేయగా మిగిలిన పిప్పి, కోటి టన్నులకి పైగా, ఏటి పక్కనే గుట్టలుగా పడి ఉంది. వరద వచ్చినప్పుడల్లా ఆ గుట్టల్ని కోసి కిందికి తెస్తుంది. రాగి, కోబాల్ట్ లాంటి లోహాలు అక్కడి మట్టిలోకీ నీళ్ళలోకీ చేరాయని పరిశోధనలు చేసినవాళ్ళు చూపించారు. కాబట్టి ఏట్లో పూడిక తీయించాలని రాసేముందు, తీసిన మట్టి ఎక్కడ పోస్తారో కూడా రాయి. ఊరికే వస్తోంది కదా అని పొలాల్లో పోసుకుంటారు. మట్టి పరీక్షకి డబ్బు లేదంటే పట్టుబట్టి అడుగు. ఈ ఒక్క విషయంలో మొహమాట పడకు.

దిగువన ఏరు క్వీన్ ఎలిజబెత్ నేషనల్ పార్కు గుండా జార్జి సరస్సులో కలుస్తుంది. ఆ సరస్సు సగటు లోతు రెండున్నర మీటర్లు కూడా లేదు. ఊళ్ళో కాలవలోకి ఏది వదిలినా చివరికి జాలర్ల వలలోకే చేరుతుంది. ఎగువన ఒక పార్కు, దిగువన ఒక పార్కు, రెండూ వన్యప్రాణి శాఖవి. మధ్యలో ఉన్న ముక్క మున్సిపాలిటీది. ఏరు ఒకటే, యజమానులు ముగ్గురు నలుగురు. అందరి దగ్గరికీ నువ్వే తిరగాలి.

ఇక ఆఫీసుల సంగతి. అడుగున సెల్, దానికి ఎల్‌సీ వన్. పైన వార్డు, ఆపైన డివిజన్. కసేసెకి మూడు డివిజన్లు: సెంట్రల్, న్యామ్వాంబా, బులెంబియా. కిలెంబె లోయ బులెంబియాలో ఉంది. వాటిపైన మున్సిపాలిటీ, ఆపైన జిల్లా. మేయర్‌ని జనం ఓటేసి ఎన్నుకుంటారు. టౌన్ క్లర్క్ అన్న పేరు చూసి గుమాస్తా అనుకునేవు, మన మున్సిపల్ కమిషనర్ లాంటివాడు ఆయన. డబ్బు మీద సంతకం ఆయనదే. అయినా ముందు వెళ్ళవలసింది ఆయన దగ్గరికి కాదు. ఎల్‌సీ వన్ దగ్గర ముద్ర వేసిన ఉత్తరం తీసుకో. అది చేతిలో ఉంటే ప్రతి గడపా తలుపు తీస్తుంది, లేకపోతే నీ టేపూ, ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రమూ చూసి భూమి లాక్కోడానికి వచ్చావనుకుంటారు. ఏటి ఒడ్డు నుంచి మామూలు నదులకి 30 మీటర్లు, పెద్దవిగా గుర్తించిన వాటికి 100 మీటర్లు వదలాలని 2000 నాటి నిబంధన. ఆ పట్టీలో ఎన్ని ఇళ్ళు ఉన్నాయో చూస్తే గుండె జారిపోతుంది. వాళ్ళని ఆక్రమణదారులని రాయకు. గని మూతపడ్డాక వేరే దారి లేక ఉన్నవాళ్ళు చాలామంది.

వాళ్ళ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలు. డబ్బులో ఎక్కువ భాగం రాజధాని కంపాలా నుంచే, అదీ దేనికి ఖర్చు పెట్టాలో ముందే రాసి వస్తుంది. తర్వాతి ఏడాది బడ్జెట్టు మీద చర్చలు అక్టోబరు, నవంబరుల్లోనే పెడతారు. నీ అంచనాలు అప్పటికి చేతిలో లేకపోతే ఇంకో ఏడాది పోయినట్టే, ఇంకో రెండు వానాకాలాలు గడిచినట్టే.

అక్కడి మనుషుల్లో ఎక్కువమంది కొంజో తెగ వాళ్ళు. వాళ్ళ భాషలో "వసింగ్యా" అంటే థాంక్స్, అది నేర్చుకునే వెళ్ళు. మంచు శిఖరాల మీద కితసాంబ అనే దేవుడు ఉంటాడని పెద్దవాళ్ళ నమ్మకం. కొండ గురించి తేలిగ్గా మాట్లాడకు. 2016 నవంబరులో ఆ ఊళ్ళో వందమందికి పైగా చంపబడ్డారు. నువ్వై అడగకు, ఎవరైనా చెబితే కూర్చుని విను.

వానలు మార్చి నుంచి మే దాకా, మళ్ళీ ఆగస్టు నుంచి నవంబరు దాకా. ఫిబ్రవరిలోనే చేరుకో, ఏరు సన్నగా ఉన్నప్పుడు దాని పడకంతా కనపడుతుంది. దోమతెర మరిచిపోకు.

ఆ పెద్దాయన ఇంకా ఉంటే, ఇక్కడి నుంచి మావయ్య దణ్ణం పెట్టమన్నాడని చెప్పు. మా యార్డు ఎక్కడుండేదో అడుగు. ఆయనే తీసుకెళ్ళి చూపిస్తాడు. ఆ రాళ్ళ మీద నిలబడి నీ మొదటి లెవెల్ తీసుకో.

నీ మావయ్య