స్పానిష్‌లో ‘ఫలానా ఊరివాళ్లు’ అనడానికి ఒక సూత్రం ఉందా?

మాడ్రిడ్ వాళ్లను మద్రిలేన్యో అంటారు కాబట్టి ప్రతి ఊరి పేరు చివరా ‘ఏన్యో’ పెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. గుంటూరోడు, నెల్లూరోడు అన్నంత తేలిగ్గా ఏ ఊరికి పడితే ఆ ఊరికి అతికే ముక్క స్పానిష్‌లో లేదు. ఏన్యో, ఆనో, ఎన్సె, ఏస్ లాంటి తోకలు చాలానే ఉన్నాయి. ఏ ఊరికి ఏది అన్నది వాడుకే తేలుస్తుంది. చిలీ రాజధాని సాంతియాగో వాళ్లు సాంతియగీనో. క్యూబా సాంతియాగో వాళ్లు సాంతియగేరో. అర్జెంటీనాలో సాంతియాగో దెల్ ఎస్తేరో వాళ్లయితే సాంతియగేన్యో. అలాగే ఈక్వడార్‌లోని కువెంకా వాళ్లు కువెంకానో, స్పెయిన్‌లోని కువెంకా వాళ్లు కొంకెన్సె.

కొన్నిటికి ఊరి పేరుతో పోలికే ఉండదు. మెక్సికోలో గ్వాదలహారా వాళ్లు తపాతీయో, వెరాక్రూస్ రేవు వాళ్లు హరోచో. స్పెయిన్‌లో వెల్వా వాళ్లు ఒనుబెన్సె ఎందుకయ్యారంటే రోమన్ల కాలంలో ఆ ఊరు ఒనుబా. పాత పేరు ఊరికి పోయినా మనుషులకు మిగిలింది.

నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది నగరానికీ, అదే పేరున్న రాష్ట్రానికీ మధ్య. బ్యూనస్ ఐరిస్ నగరం వాళ్లు పోర్తేన్యో, ఆ ప్రావిన్సు వాళ్లు బొనాఎరెన్సె. మెక్సికో దేశంలోనే అదే పేరున్న రాష్ట్రం వాళ్లు మెహికెన్సె. మెహికానో అంటే దేశం మొత్తానికీ వర్తిస్తుంది.

మర్యాద సంగతి ఇంకా ముఖ్యం. మెక్సికో సిటీ వాళ్లు చాలామంది తమను తాము చిలాంగో అని ఇష్టంగానే చెప్పుకుంటారు. అదే మాట బయటి రాష్ట్రాల వాళ్ల నోట ఎత్తిపొడుపుగా వినిపించవచ్చు. కొలంబియా కరీబియన్ తీరంలో కచాకో అంటే లోపలి ప్రాంతాల నుంచి వచ్చిన ఎవరైనా కావచ్చు. గొంతును బట్టి అది వేళాకోళమో, ఉత్త మాటో. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో ఆ దేశ ప్రధాన భూభాగం వాళ్లను గోదో అనడం మాత్రం తిట్టే, మీరు వాడకండి. నా సలహా: ఎదుటివాళ్లు తమను తాము ఏమని చెప్పుకుంటారో వినేదాకా ‘ఎరెస్ దె...’ (నువ్వు ఫలానా ఊరి నుంచి) అని ఊరి పేరు చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు.

రాసేటప్పుడు వాక్యం మొదట్లో తప్ప వీటికి పెద్దక్షరం పెట్టకూడదు. ఇంగ్లిష్ అలవాటుతో అందరూ పెట్టేస్తారు. స్త్రీలకు పోర్తేన్యా, తపాతీయా. ‘ఎన్సె’తో ముగిసేవి మారవు. అనుమానం వస్తే ‘హెంతిలీసియో’ (ఊరివాళ్లను పిలిచే ఇలాంటి మాటలకు స్పానిష్ పేరు, gentilicio) అన్న మాటకు ఊరి పేరు, దేశం పేరు రెండూ చేర్చి వెతకండి. దేశం వదిలేస్తే వేరే సాంతియాగో దొరుకుతుంది.