జోజిలా మీదికి ట్యాంకులు ఎక్కిన రోజు

గడ్డకట్టే చలిలో, శత్రువు కలలో కూడా ఊహించని దాడి ఏదైనా ఉందా అని కొందరు నన్ను అడిగారు. నా మటుకు కశ్మీర్ కోసం పాకిస్తాన్‌తో జరిగిన తొలి యుద్ధంలో, 1948 నవంబరు 1న, శ్రీనగర్ నుంచి లడఖ్‌కు వెళ్ళే దారిలోని జోజిలా కనుమ మీద మన సైన్యం చేసిన దాడిని మించినది లేదు. సైన్యానికి దారులు, వంతెనలు వేసే మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో పనిచేసి రిటైరైనవాడిని. బెంగళూరులో శిక్షణ నాటి నుంచే ఈ కథ వింటూ పెరిగాను.

ఆ ఏడాది జోజిలా, ద్రాస్, కార్గిల్ శత్రువు వశమయ్యాయి. శ్రీనగర్ నుంచి లేహ్‌కు నేల మీద దారి లేకుండా పోయింది. సెప్టెంబరులో పదాతిదళం ఎంత తెగించినా, కొండ రాళ్ళ మాటున బంకర్లలో దాగిన మెషీన్‌గన్లు ముందుకు కదలనివ్వలేదు. ఇంకొన్నాళ్ళు ఆగితే మంచు కనుమను పూర్తిగా మూసేస్తుంది. అప్పుడు అక్కడి మన దళాల అధిపతి మేజర్ జనరల్ తిమ్మయ్య ట్యాంకులను పైకి ఎక్కించాలని నిశ్చయించారు. సుమారు 11,500 అడుగుల ఎత్తుకు! అంత ఎత్తున అంతకుముందు ప్రపంచంలో ఎవరూ ట్యాంకులతో పోరాడలేదు.

7వ లైట్ కావల్రీ అనే ట్యాంకుల దళం వారి స్టువర్ట్ ట్యాంకుల టరెట్లు (ఫిరంగి ఉండే పైభాగాలు) ఊడదీసి, గుట్టుగా శ్రీనగర్ మీదుగా కనుమ కిందనున్న బాల్తల్ చేర్చి, మళ్ళీ బిగించారు. ఈ కథ చెప్పేవాళ్ళందరూ ట్యాంకుల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం దారి వేసినవాళ్ళ గురించి చెప్పకపోతే మనసొప్పదు. బాల్తల్ నుంచి పైకి ఉన్నది కంచరగాడిదలు నడిచే బాట. మేజర్ తంగరాజు నాయకత్వంలో మద్రాస్ సాపర్లు, అంటే మా గ్రూపు సైనికులు, బండలు పేల్చి, అంచులు చెక్కి, ట్యాంకు పట్టేంత వెడల్పు చేశారు. పైనుంచి తూటాలు వస్తుండగానే చేశారు. మంచు ఎరగని దక్షిణాది పల్లెల బిడ్డలు, మన తెలుగువాళ్ళతో సహా, ఉండే దళం అది.

ఆ పని ఎంత కష్టమో ద్రాస్ వైపు చలికాలం గడిపాక నాకు తెలిసింది. తెల్లవారేసరికి లారీల్లో డీజిల్ చిక్కబడిపోయేది. డ్రైవర్లు డీజిల్ ట్యాంకు కింద స్టవ్వు వెలిగించి కాచేవారు. తొడుగు లేకుండా స్పానర్ పట్టుకుంటే చర్మం ఇనుముకు అతుక్కుని, లాగితే ఊడివచ్చేది. నాలుగు పారల మంచు ఎత్తితే ఊపిరి అందేది కాదు. దళసరి కోట్లు, మంచి బూట్లు ఉన్న మా పరిస్థితే అది. ఆ సదుపాయం కూడా సరిగా లేని 1948లో వాళ్ళు బండ కొట్టారు.

మంచు వల్ల దాడి అక్టోబరు నుంచి వాయిదా పడింది. చివరికి నవంబరు 1 మధ్యాహ్నం లెఫ్టినెంట్ కల్నల్ రాజిందర్ సింగ్ ట్యాంకులు కనుమలోకి చొచ్చుకెళ్ళాయి. ముందు ట్యాంకులో సాక్షాత్తు తిమ్మయ్యే ఉన్నారు! రైఫిళ్ళతో వచ్చే సిపాయిల కోసం కాచుకున్నవాళ్ళకు ఎదురుగా ఫిరంగి కనిపించింది. గుళ్ళు సూటిగా బంకర్ల నోళ్ళలోకి పడుతుంటే కాళ్ళు నిలవక వెనక్కి పారిపోయారు. వెనుకే పదాతిదళం కనుమ దాటింది. నెల సగానికి ద్రాస్ చేతికొచ్చింది. నవంబరు 24న కార్గిల్ దగ్గర, లేహ్ నుంచి వచ్చిన మన దళం వీళ్ళను కలుసుకుంది. లేహ్‌కు మళ్ళీ దారి తెరుచుకుంది.