ఒకే మక్క సీడ్.. తెనాలిలో 40 క్వింటాళ్లు, మాకు 18 ఎందుకు?

ప్రశ్న: మాది సిద్దిపేట పక్కన పల్లె, చల్కా (ఎర్ర ఇసుక) నేల. మా అక్కను ఇచ్చింది తెనాలి వైపు. వరి కోసిన మడిలో దున్నకుండనే యాసంగిల హైబ్రిడ్ మక్క పెడితే మా బావకు ఎకరానికి 40 క్వింటాళ్లు వచ్చినయి. అదే సీడ్ తెచ్చి వానాకాలం వేస్తే నాకు 18 దాటలే. నకిలీ సీడా? వచ్చేసారి ఏది వెయ్యాలె?

జవాబు: అన్నా, మొలక బాగా వచ్చి చేనంతా ఒకే ఎత్తులో ఒకేసారి జల్లు (మొక్క కొసన వచ్చే మగ పూత) తీసి ఉంటే నకిలీ అని అనుమానం పెట్టుకోకండి, తేడా ఎక్కువగా నేలది, సీజన్‌ది. డెల్టాలో యాసంగికి వరి వదిలిన తడి, పైన నీళ్లు, మంచి ఎండ, చల్లటి రాత్రులు, అందుకే పంటకాలం సాగి గింజ నిండడానికి టైమ్ దొరుకుతుంది. మీ చల్కా నీళ్లు పట్టుకోదు, సరిగ్గా పూత టైమ్‌కి బెట్ట వచ్చిందంటే జల్లు పుప్పొడి రాల్చేస్తుంది కానీ కంకికి పుప్పొడి అందుకునే పీచు లేటుగా వస్తుంది, అప్పటికి పుప్పొడి అయిపోతుంది, కంకి కొస బోడిగా మిగులుతుంది. మీ కంకులు అలాగే ఉన్నాయా చూశారా?

కొన్ని హైబ్రిడ్‌లు మంచి నేలలో దంచేస్తాయి, బెట్టలో కుప్పకూలుతాయి. మీ బావ వేసింది బహుశా అలాంటిదే. దీన్ని కొలవడానికి 1966లో ఎబర్‌హార్ట్, రస్సెల్ అనే సైంటిస్టులు ఒక లెక్క ఇచ్చారు, చాలా చోట్ల వేసి ఒక్కోచోట అన్ని రకాల సగటుతో పోల్చి ఆ రకం ఎంత ఎగుస్తుంది ఎంత దిగుతుంది అని చూడటం. అయితే ఎక్కడ వేసినా 12 క్వింటాళ్లే ఇచ్చేదాన్ని కూడా మామూలు మాటలో స్థిరమైనదే అనొచ్చు, అది మనకెందుకు? సగటు ఎక్కువుండాలి, బెట్ట ఏడాదిలో మరీ పడిపోకూడదు, రెండూ కావాలి.

ఇంకో విషయం, 1961లో వచ్చిన డక్కన్ లాంటి పాత హైబ్రిడ్‌లు నాలుగు పేరెంట్ లైన్లు కలిపిన డబుల్ క్రాస్‌లు, మొక్కమొక్కకీ కాస్త తేడా ఉండేది, అన్నీ ఒకేరోజు పూతకి రావు కాబట్టి కొన్నైనా బెట్ట తప్పించుకునేవి. ఇప్పుడు ఎక్కువగా రెండే లైన్లు కలిపిన సింగిల్ క్రాస్‌లే, దిగుబడి ఎక్కువ, నిజమే, కానీ చేనంతా ఒక్కసారే పూస్తుంది, ఆ వారం వాన లేకపోతే మొత్తానికీ దెబ్బే.

అందుకే వచ్చే వానాకాలం మొత్తం ఒకే రకం వెయ్యకండి. స్వల్పకాలిక రకం ఒకటి, మధ్యకాలికం ఒకటి చెరిసగం వేయండి. సీడ్ కొనేముందు డీలర్ చూపించే టాప్ దిగుబడి ఫొటో పక్కన పెట్టి, మీ కృషి విజ్ఞాన కేంద్రంలో వర్షాధారంగా చల్కాలో ఏ రకానికి ఎంత వచ్చింది, ముఖ్యంగా వాన తక్కువైన ఏడాది ఎంత వచ్చింది అని అడగండి. బోరులో కాసిని నీళ్లున్నా జల్లు, పీచు వచ్చే టైమ్‌కి ఒక తడికి దాచుకోండి, మిగతా తడులకన్నా ఆ ఒక్కటే ఎక్కువ పనిచేస్తుంది.